ఇంటర్‌ల్యూకిన్-2 మాట ఏ కణానికి ముందు వినబడుతుంది? – ప్రాజెక్టు డైరీ

1వ వారం

మా ప్రశ్న చిన్నదే. ఇంటర్‌ల్యూకిన్-2 (ఐఎల్-2) అనే సైటోకైన్, అంటే కణాల మధ్య సందేశం మోసే ప్రోటీన్, రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలను దాడికి పురికొల్పుతుంది. ఆ దాడి హద్దు మీరకుండా కాచే నియంత్రక టి కణాలను బతికించేదీ అదే. ఈ అణువులో ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని మార్చి, ఈ రెండు పనులలో ఒకదానిని తగ్గించి మరొకదానిని నిలుపుకోగలమా, నిలుపుకున్నామని మా సొంత కొలతలతో మేమే రుజువు చేసుకోగలమా అన్నదే ఈ ప్రాజెక్టు. ముగ్గురం పనిచేస్తున్నాము. ప్రోటీన్ తయారీ నాది, కణాల పెంపకం నా సహోద్యోగినిది, కణాలను ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమీటర్ బాధ్యత మా ఇద్దరికంటే అనుభవం ఉన్న మరొక మిత్రునిది.

ఈ అణువునే ఎందుకు ఎంచుకున్నామో ఇక్కడ రాసిపెట్టుకోవడం అవసరం. ఐఎల్-2 కొత్తది కాదు. 1976లో అది టి కణాలను ప్రయోగశాలలో చాలాకాలం పెంచగల కారకంగా వెలుగులోకి వచ్చింది. 1983లో తనిగుచి బృందం దాని జన్యువును క్లోన్ చేసింది. 1992లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానిని శరీరమంతా వ్యాపించిన మూత్రపిండ క్యాన్సర్‌కు, 1998లో వ్యాపించిన మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు మందుగా అనుమతించింది. శరీర బరువులో ప్రతి కిలోకు 6 లక్షల యూనిట్ల చొప్పున 8 గంటలకొకసారి ఎక్కించే ఆ చికిత్సలో కొద్దిమందికి క్యాన్సర్ పూర్తిగా మాయమై ఏళ్ల తరబడి తిరిగి రాలేదు. అయితే ఆ మోతాదులో సన్నని రక్తనాళాల గోడలు ద్రవాన్ని బయటికి వదిలేస్తాయి, రక్తపోటు పడిపోతుంది, ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. మందు పనిచేసే దారి, హాని చేసే దారి అంత దగ్గరగా ఉన్న అణువు ఇది.

రెండవ ముఖం ఆలస్యంగా బయటపడింది. ఐఎల్-2 జన్యువును తొలగించిన ఎలుకలలో రోగనిరోధక శక్తి చతికిలబడుతుందని అనుకున్నవారికి, ఆ ఎలుకల పేగులు వాచి, వాటి సొంత కణాలే వాటి మీద తిరగబడడం కనిపించింది. 1995లో షిమోన్ సకగుచి బృందం సీడీ25 అనే ప్రోటీన్‌ను ఉపరితలం మీద మోసే ఒక చిన్న టి కణాల గుంపే స్వీయ దాడిని ఆపుతోందని చూపించిన తరువాత ఈ చిక్కుముడి వీడింది: ఐఎల్-2 లేకపోతే ముందుగా ఆకలితో చచ్చేది ఆ కాపలాదారులే. ఈ నియంత్రక టి కణాల ఆవిష్కరణకు 2025లో సకగుచికి, మేరీ బ్రంకోకు, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌కు నోబెల్ బహుమతి ఇచ్చారు.

3వ వారం

ఈ వారం ఎక్కువ భాగం కంప్యూటర్ తెర ముందే గడిచింది. ఐఎల్-2 తన గ్రాహకంతో, అంటే కణం మీద దానిని అందుకునే ప్రోటీన్‌తో, కలిసి ఉన్న స్ఫటిక నిర్మాణం 2005లో వెలువడింది. దానిని అటూ ఇటూ తిప్పి చూస్తూ ఏ అంచు ఏ గొలుసును తాకుతోందో గుర్తించుకున్నాము.

గ్రాహకానికి మూడు గొలుసులు: ఆల్ఫా, అంటే సీడీ25, బీటా, అంటే సీడీ122, గామా, అంటే సీడీ132. కణం లోపలికి సంకేతాన్ని పంపేవి బీటా, గామా మాత్రమే. ఆల్ఫాకు కణం లోపల ఉన్న తోక మరీ పొట్టిది, సంకేతం పంపే సత్తా దానికి లేదు. ఐఎల్-2ను పట్టుకుని తక్కిన రెండింటికి అందించడమే దాని పని. అయితే కథంతా ఆ అందించడంలోనే ఉంది. ఆల్ఫా ఒక్కటే అయితే బంధపు స్థిరాంకం సుమారు 10 నానోమోలార్, బీటా గామాలు కలిస్తే సుమారు 1 నానోమోలార్, మూడూ ఒకచోట చేరితే సుమారు 10 పికోమోలార్. ఇవి గాఢత కొలమానాలు, నానోమోలార్‌లో వెయ్యోవంతు పికోమోలార్. ఈ అంకె ఎంత తగ్గితే పట్టు అంత గట్టిది. నియంత్రక టి కణాల మీద మూడూ ఎప్పుడూ ఉంటాయి. విశ్రాంతిలో ఉన్న సీడీ8 కణాల (దాడి చేసే టి కణాల) మీద, చాలా సహజ హంతక కణాల మీద ప్రధానంగా బీటా గామాలే ఉంటాయి. కాబట్టి ఐఎల్-2 కొద్దిగా ఉన్నప్పుడు కాపలాదారులకే అందుతుంది, వెల్లువెత్తినప్పుడు అందరికీ అందుతుంది. తక్కువ మోతాదు స్వీయ నిరోధక వ్యాధుల వైపు, ఎక్కువ మోతాదు క్యాన్సర్ వైపు ఎందుకు చూస్తాయో ఈ మూడు అంకెలే చెబుతాయి.

నిర్ణయించిన మార్పులు రెండు. 42వ స్థానంలోని ఫినైల్‌అలనైన్ సీడీ25 వైపు ఉన్న అంచులో కీలకమైనది. దాని స్థానంలో అలనైన్ పెడితే సీడీ25తో పట్టు బాగా సడలుతుంది. 88వ స్థానంలోని ఆస్పరాజిన్ బీటా గొలుసును తాకుతుంది. దానిని ఆస్పార్టిక్ ఆమ్లంగా మారిస్తే బీటాతో పట్టు తగ్గుతుంది. ఇలా మార్చిన సైటోకైన్‌ను ఈ రంగంలో మ్యూటీన్ అంటారు. ఈ డైరీలో వాటిని ‘నలభైరెండు’ అని, ‘ఎనభైఎనిమిది’ అని పిలుస్తాను. పోలిక కోసం ఈ రెండు మార్పులూ లేని ‘మాతృక’ను కూడా కలిపి మొత్తం మూడు ప్రోటీన్లు. మూడింటిలోనూ 125వ స్థానంలోని సిస్టీన్‌ను సెరీన్‌గా మార్చాము. మందుగా అమ్మే ఐఎల్-2లోనూ ఈ మార్పే ఉంది. సహజ ప్రోటీన్‌లో 58, 105 స్థానాల సిస్టీన్లు రెండూ కలిసి ఒక బంధం (డైసల్ఫైడ్ బంధం) ఏర్పరచుకుంటాయి. జత లేని 125వ సిస్టీన్ తప్పుడు జతలు కట్టి ప్రోటీన్‌ను పాడుచేస్తుంది.

ప్రోటీన్ జన్యువును మోసే డీఎన్ఏ వలయంలో, అంటే ప్లాస్మిడ్‌లో, మార్పులు చేయడం తొందరగానే అయిపోయింది. సీక్వెన్సింగ్‌లో మూడూ సరిగా వచ్చాయి.

5, 6 వారాలు

ప్రోటీన్ తయారీ. రెండు వారాలు అనుకున్నది ఇంకా పూర్తి కాలేదు కనుక జరిగిందంతా వివరంగా రాస్తున్నాను.

133 అమైనో ఆమ్లాల ఈ చిన్న ప్రోటీన్‌ను ఈ.కోలై బాక్టీరియా ధారాళంగా తయారుచేస్తుంది, కానీ సరిగా మడవదు. కణం లోపల కరగని ముద్దలుగా పోగుచేస్తుంది. ఇది ముందే తెలుసు. ముద్దలను కడిగి, 6 మోలార్ గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్‌లో కరిగించి, తప్పుడు డైసల్ఫైడ్ బంధాలు తెగేందుకు డైథయోత్రీటాల్ కలిపి, తరువాత ఆ ద్రావణాన్ని మడత ద్రావణంలోకి కొద్దికొద్దిగా వదలడం మా పద్ధతి. మడత ద్రావణంలో క్షయీకృత, ఆక్సీకృత గ్లూటాథియోన్ రెండూ నిర్ణీత నిష్పత్తిలో ఉంటాయి. ఆ నిష్పత్తి వల్లే సిస్టీన్లు ఒకదానినొకటి వెతుక్కుని, తప్పు జత కడితే విడిపోయి, చివరకు సరైన జతలో కుదురుకుంటాయి.

మొదటి ప్రయత్నంలో పావుగంటకే గాజు పాత్ర పాలలా తెల్లబడింది. గాఢత ఎక్కువైందనుకుని, రెండవసారి బాగా పలుచన చేసి, నాలుగు డిగ్రీల గదిలో రాత్రంతా నెమ్మదిగా కలిపాము. ఈసారి ద్రావణం తేటగానే ఉంది. కానీ ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి వేరుచేసే జెల్ చూసినప్పుడు సంతోషం నిలవలేదు. క్షయీకరణ చేసి, అంటే డైసల్ఫైడ్ బంధాలను తెంచి, నడిపిన వరుసలో 15 కిలోడాల్టన్ల దగ్గర ఒకే చక్కని పట్టీ ఉంది. క్షయీకరణ చేయకుండా నడిపిన వరుసలో మాత్రం మడత సరిగా కుదిరితే కొంచెం ముందుకు పరుగెత్తవలసిన పట్టీ కదలనే లేదు. అంటే ప్రోటీన్ ద్రావణంలో నిలిచి ఉంది, దాని లోపలి బంధం మాత్రం ఏర్పడలేదు.

కారణం పట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. తప్పు నాదే. కరిగించేటప్పుడు కలిపిన డైథయోత్రీటాల్‌ను తొలగించకుండానే మడత ద్రావణంలోకి వదిలాను. పలుచన అయిన తరువాత కూడా మిగిలిన ఆ కాస్త చాలు, ఆక్సీకృత గ్లూటాథియోన్‌ను తినేసి నిష్పత్తిని తలకిందులు చేయడానికి. మూడవసారి ముందుగా ఆమ్లీకరించిన గ్వానిడిన్‌లో డయాలిసిస్ చేసి దానిని పూర్తిగా వదిలించుకున్నాము, ముద్దకట్టకుండా మడత ద్రావణంలో ఆర్జినిన్ కూడా చేర్చాము. ఈసారి రెండు వరుసల పట్టీల మధ్య తేడా కంటికి స్పష్టంగా కనిపించింది. కలిపే రసాయనాల జాబితా ఎవరైనా రాసుకుంటారు. తీసేయవలసిన వాటి జాబితా కూడా ప్రయోగ పుస్తకంలో ఉండాలని ఇకమీదట నియమంగా పెట్టుకున్నాను.

8వ వారం

మూడు ప్రోటీన్లూ సిద్ధమయ్యాయి. బాక్టీరియా నుంచి వచ్చిన ఎండోటాక్సిన్‌ను తొలగించి, మిగిలినది హద్దు లోపలే ఉందని పరీక్షించాము. అది మిగిలిపోతే రక్త కణాలు దానికే స్పందిస్తాయి, మేము ఐఎల్-2 ఫలితమని పొరబడతాము. ప్రోటీన్ మడతను కాంతితో పరిశీలించే వర్తుల ద్వివర్ణతా పరీక్షలో మూడింటికీ 208, 222 నానోమీటర్ల వద్ద లోయలు కనిపించాయి. నాలుగు హెలిక్సుల కట్టగా మడిచిన ప్రోటీన్‌లో కనిపించవలసిన రూపం అదే. నాకు ఇది చాలా ముఖ్యమైన పరీక్ష, ఎందుకంటే రేపు ‘నలభైరెండు’ బలహీనంగా పనిచేస్తే అది మా మార్పు ఫలితమా, చెడిపోయిన మడత ఫలితమా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

తరువాత సీటీఎల్ఎల్-2 కణాలు. ఎలుక నుంచి వచ్చిన ఈ టి కణాల వంశం ఐఎల్-2 లేనిదే బతకదు, మనిషి ఐఎల్-2ను కూడా స్వీకరిస్తుంది. అందుకే చాలాకాలంగా దీనిని ఈ సైటోకైన్‌కు కొలబద్దగా వాడుతున్నారు. మాతృక బాగా పనిచేసింది. కానీ గాఢతకు తగ్గ స్పందనను చూపే వక్రరేఖలలో నేను చేసిన వక్రరేఖ, నా సహోద్యోగిని చేసిన వక్రరేఖ కింది కొసన కలవలేదు. ఎక్కువ గాఢతల దగ్గర ఒకటిగానే ఉన్నాయి, పికోమోలార్ల దగ్గరికి వచ్చేసరికి నావి ఎప్పుడూ తక్కువగానే వస్తున్నాయి.

ఆమె పలుచన చేసే పద్ధతిని పక్కన కూర్చుని చూశాను. ఆమె కణ మాధ్యమంలో పలుచన చేస్తోంది, అందులో సీరం ఉంది. నేను ఉప్పు ద్రావణంలో చేస్తున్నాను. ఐఎల్-2 నీటిని ఇష్టపడని ఉపరితలం ఎక్కువగా ఉన్న ప్రోటీన్. ఒంటరిగా, అతి పలుచగా ఉంటే ప్లాస్టిక్ గొట్టం గోడలకు అంటుకుపోతుంది. గొట్టం మార్చిన ప్రతిసారీ కొంత గోడకే మిగిలిపోతోంది, కాగితం మీద మాత్రం పూర్తి గాఢతే రాస్తున్నాను. ద్రావణంలో 0.1 శాతం ఆల్బుమిన్ కలపగానే రెండు వక్రరేఖలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. నియంత్రక కణాల ప్రత్యేకత అంతా ఆ కింది కొసలోనే ఉంటుంది కనుక, ఇది ఇప్పుడు బయటపడకపోతే రానున్న నెల పని మొత్తం తప్పు పునాది మీద నిలిచేది.

ఇక్కడే కొలమానం గురించి ఒక మాట. ఆసుపత్రులలో ఐఎల్-2ను అంతర్జాతీయ యూనిట్లలో లెక్కిస్తారు; మందు రూపంలో 1.1 మిల్లీగ్రాములు 1 కోటి 80 లక్షల యూనిట్లకు సమానం. ఆ యూనిట్ కణాల పెరుగుదలను బట్టి నిర్ణయించినది. పట్టు మార్చిన మ్యూటీన్‌ను అదే యూనిట్‌తో కొలిస్తే, దేనిని పరీక్షిస్తున్నామో దానినే కొలబద్దగా వాడినట్లవుతుంది. అందుకే మా లెక్కలన్నీ మోలార్లలోనే ఉంచాలని తీర్మానించాము.

10వ వారం

అసలు పరీక్ష ఇప్పుడు మొదలైంది. నైతిక సమితి అనుమతితో, అంగీకార పత్రం ఇచ్చిన ఆరోగ్యవంతులైన దాతల రక్తం నుంచి తెల్లకణాలను వేరుచేసి, కొంతసేపు విశ్రాంతినిచ్చి, వేర్వేరు గాఢతల ఐఎల్-2తో 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచుతాము. గ్రాహకం మేల్కొంటే కణం లోపల స్టాట్5 అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ చేరుతుంది. ఆ క్షణాన్ని ఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరచి, చల్లని మెథనాల్‌తో కణ పొరను తెరచి, ఫాస్ఫేట్ చేరిన స్టాట్5ను మాత్రమే గుర్తించే ప్రతిరక్షకంతో రంగు వేస్తాము. ఏ కణం ఎంత విన్నదో విడివిడిగా ఫ్లో సైటోమీటర్ చెబుతుంది.

మెథనాల్ తెచ్చిన చిక్కు ఊహించినదే: ఫైకోఎరిత్రిన్ వంటి ప్రోటీన్ రంగులు అందులో పాడైపోతాయి. దీనిని తప్పించుకోవడానికి ఉపరితల గుర్తులన్నింటికీ ముందే, అంటే ఐఎల్-2 ఇవ్వకముందే, మెథనాల్‌ను తట్టుకునే రంగులున్న ప్రతిరక్షకాలను అంటించాము. ఫలితం చూసి ముగ్గురం మాటలేక నిలబడ్డాము. అన్నిటికంటే ముందు వెలగవలసిన నియంత్రక టి కణాలు తక్కువ గాఢతల దగ్గర చీకటిగానే ఉన్నాయి.

మా ఫ్లో సైటోమీటర్ మిత్రునికే ముందుగా తట్టింది. సీడీ25 కోసం వాడిన ప్రతిరక్షకం ఐఎల్-2 కూర్చునే చోటనే అంటుకుంటోంది. మేము రంగు వేస్తున్నామనుకుంటూ తలుపు మూసేశాము. ఒక విధంగా చూస్తే, మేము తెలియకుండా చేసినది ఒక మందు చేసే పనే. డాక్లిజుమాబ్, బాసిలిక్సిమాబ్ అనే ప్రతిరక్షకాలు సరిగ్గా ఇక్కడే ఐఎల్-2ను అడ్డుకుంటాయి. మూత్రపిండ మార్పిడిలో తిరస్కరణను నివారించడానికి మొదటిదానికి 1997లో, రెండవదానికి 1998లో అనుమతి లభించింది. ఆ పాడైన ప్రయోగాన్ని పారవేయకుండా మళ్లీ నిశితంగా చూశాము. ఎక్కువ గాఢతల దగ్గర సీడీ56 అనే గుర్తు ప్రకాశవంతంగా ఉన్న సహజ హంతక కణాల చిన్న గుంపు బీటా గామాల ద్వారా చక్కగా స్పందించింది. డాక్లిజుమాబ్ తీసుకున్న మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులలో పెరిగినది కూడా ఈ కణాలే: ఒక తలుపు మూస్తే ఆగిపోయిన ఐఎల్-2 మాయం కాదు, తెరచి ఉన్న మరొక తలుపు దగ్గరికి వెళుతుంది. ఆ వ్యాధికి 2016లో అనుమతి పొందిన ఆ మందును మెదడు వాపు కేసులు బయటపడిన తరువాత 2018లో ఉపసంహరించుకున్నారు.

సీడీ25కు ఐఎల్-2ను అడ్డుకోని మరొక ప్రతిరక్షకాన్ని ఎంచుకుని, దానిని కూడా కణాలను స్థిరపరచిన తరువాతే వాడాలని క్రమం మార్చాము.

12వ వారం

క్రమం మార్చగానే చిత్రం తేటపడింది. మాతృక ఐఎల్-2తో నియంత్రక టి కణాలు కొద్ది పికోమోలార్ల దగ్గరే వెలగడం మొదలుపెట్టాయి. సీడీ8 కణాలు వాటికంటే ఎన్నో రెట్లు గాఢత పెంచేవరకు కదలలేదు. పుస్తకాలలో ఎన్నిసార్లు చదివినా, ఆ రెండు వక్రరేఖల మధ్య ఖాళీని మా సొంత తెరమీద చూడడం వేరు. సీడీ56 ప్రకాశవంతమైన కణాలు మధ్యలో నిలిచాయి. వాటిలో కొన్నింటి మీద సీడీ25 కూడా ఉంటుంది కనుక ఇది సబబే. తక్కువ మోతాదు ఐఎల్-2ను నియంత్రక కణాల మందు అని చెప్పేటప్పుడు ఈ మధ్య గుంపును మరచిపోకూడదని నా అభిప్రాయం.

నియంత్రక కణాలను సీడీ25 ఒక్కదానితోనే గుర్తించలేదు, సీడీ127 అనే మరొక ఉపరితల గుర్తు తక్కువగా ఉండడం, కణం లోపలి ఫాక్స్‌పీ3 అనే ప్రోటీన్ ఉండడం కూడా కలిపి చూశాము. మనుషులలో చురుకైన సాధారణ టి కణాలు సైతం తాత్కాలికంగా సీడీ25ను, కొంత ఫాక్స్‌పీ3ను ధరిస్తాయి. ఒకే గుర్తును నమ్మితే దాడి కణాన్ని కాపలా కణంగా లెక్కించే ప్రమాదం ఉంది.

‘నలభైరెండు’తో నియంత్రక కణాల వక్రరేఖ కుడివైపుకు జరిగి సీడీ8 వక్రరేఖ దగ్గరికి చేరింది. సీడీ8 స్పందన దాదాపు మారలేదు. అంటే మేము సీడీ8 కణాలను బలపరచలేదు, కాపలాదారుల ముందంజను తీసేశాము. ఈ తేడా మాటల్లో చిన్నదిగా కనిపించినా, క్యాన్సర్ మందు దృష్టితో చూస్తే పెద్దది. ‘ఎనభైఎనిమిది’తో సీడీ8 కణాలు మేము పరీక్షించిన గాఢతలన్నింటిలోనూ దాదాపు మౌనంగానే ఉన్నాయి. నియంత్రక కణాలు స్పందించాయి, కానీ మాతృకతో చేరిన ఎత్తుకు చేరలేదు. ఎంపిక గుణం వచ్చింది, దానికి వెలగా కొంత బలం పోయింది. ఈ మార్పునే వాడిన ఒక మందు రూపకల్పనలో రెండు మ్యూటీన్లను ఒకే ప్రతిరక్షకానికి అతికించి, ఆ పోయిన బలాన్ని జంట పట్టుతో, శరీరంలో ఎక్కువ కాలం నిలిచే గుణంతో పూడ్చుకున్నారు. ఆ ఆలోచన వెనుక అవసరం ఎంత నిజమైనదో ఇప్పుడు నాకు అర్థమైంది.

13వ వారం

ఫలితాలను పర్యవేక్షకురాలి ముందు పెట్టాము. ఆమె అడిగిన మొదటి ప్రశ్నే మా పనిలోని లోటును చూపింది: “పదిహేను నిమిషాల చిత్రం బాగుంది. మూడవ రోజున ఏమవుతుంది?” ఐఎల్-2 సంకేతం అందుకున్న టి కణం తన మీద సీడీ25ను తానే పెంచుకుంటుంది. కనుక నేడు సీడీ25 లేని సీడీ8 కణం రేపటికి దానిని ధరించి, అప్పటివరకు కాపలాదారులకే దక్కుతున్న ముందంజను తానూ సంపాదించవచ్చు. పైగా నియంత్రక కణాలు ఐఎల్-2ను విని ఊరుకోవు, లోపలికి లాగి మింగేస్తాయి కూడా. చుట్టూ ఉన్న గాఢత గంటగంటకూ మారుతుంది. పదిహేను నిమిషాల పరీక్ష ఈ రెండింటినీ చూడలేదు.

ఇది మా ఒక్కరి ప్రయోగశాల సమస్య కాదు. సీడీ25 వైపు మొగ్గును తగ్గించేలా పాలీఇథిలిన్ గ్లైకాల్ గొలుసులు అతికించిన బెంపెగాల్డెస్‌ల్యూకిన్ అనే ఐఎల్-2 రూపం మెలనోమాలో మొదట ఆశలు రేపి, 2022లో మూడవ దశ పరీక్షలో నివోలుమాబ్ అనే మరొక క్యాన్సర్ మందుతో కలిపి ఇచ్చినా, నివోలుమాబ్ ఒక్కదానికంటే మెరుగని నిరూపించుకోలేకపోయింది. గ్రాహకపు పట్టు ఒక్కటే మందు భవితను నిర్ణయించదు. ఎంతసేపు, ఏ కణజాలంలో, ఏ స్థితిలో ఉన్న కణానికి అందుతుందన్నవి కూడా పట్టుతో సమానంగా నిర్ణయిస్తాయని నేను ఈ మూడు నెలల్లో నమ్మకానికి వచ్చాను. అయినా ఐఎల్-2 మీద నా ఆసక్తి తగ్గలేదు, పెరిగింది. ఏ కణం ఎప్పుడు వింటుందో ఇంత స్పష్టంగా గ్రాహకపు గొలుసుల లెక్కలో చూపించే సైటోకైన్లు ఎక్కువ లేవు.

14వ వారం

కొత్త ప్రణాళిక: మూడు ప్రోటీన్లతోనూ 0, 24, 48, 72 గంటల దగ్గర కణాలను తీసి, స్టాట్5తోపాటు సీడీ25 పరిమాణాన్నీ కొలవడం, ప్రతి సమయంలోనూ పైన ఉన్న ద్రవాన్ని విడిగా భద్రపరచి అందులో మిగిలిన ఐఎల్-2ను ఎలైసాతో (ప్రతిరక్షకాలతో ప్రోటీన్ పరిమాణాన్ని కొలిచే పరీక్షతో) లెక్కించడం, నియంత్రక కణాలను తొలగించిన నమూనాను పక్కనే నడిపి, అవి మింగుతున్నది ఎంతో తేల్చడం. ఎలైసాలోని ప్రతిరక్షకం మా మ్యూటీన్లను మాతృకతో సమానంగా గుర్తిస్తుందో లేదో ముందు సరిచూడాలి. మార్చిన స్థానమే ప్రతిరక్షకం అంటుకునే చోటయితే, ఉన్న ప్రోటీన్‌ను లేనట్లు లెక్కిస్తాము. పదవ వారంలో సీడీ25 దగ్గర పడిన దెబ్బ తరువాత ఈ అనుమానం మాకు ముందుగానే వచ్చింది.

ప్రోటీన్లను ఆల్బుమిన్‌తో కలిపి చిన్న వాటాలుగా విభజించి, ప్రతి వాటానూ ఒక్కసారే కరిగించేలా మైనస్ 80 డిగ్రీల పెట్టెలో దాచాము. తరువాతి దాత నమూనా సోమవారం ఉదయం వస్తుంది. నాలుగు సమయాల గొట్టాలకూ ఈ సాయంత్రమే చీటీలు అంటించి, పలుచనలన్నింటినీ ఆల్బుమిన్ ఉన్న మాధ్యమంలోనే చేయాలని పలక మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాము.